పదిమందిని నడిపించడం ఎలా: పదవి ఉన్నా లేకున్నా రోజూ చేయాల్సిన సాధన

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఏ వీధిలో చూసినా ఎవరో ఒకరు పదిమంది పనిని నెత్తిన వేసుకుని తిరుగుతూనే ఉంటారు. మహిళా సంఘం కార్యదర్శి, బడి కమిటీలో తల్లిదండ్రుల తరఫున కూర్చునే అమ్మ, అమ్మవారి సంబరాలకు చందాలు పోగుచేసే కుర్రాళ్లు, పాతికమందితో పనికి బయల్దేరే తాపీ మేస్త్రి. వీళ్లలో చాలామంది తమను తాము నాయకులనుకోరు. ఎన్నికల్లో గెలిచి కారులో తిరిగేవాళ్లనే అలా పిలవడం మనకు అలవాటైపోయింది. నా లెక్కలో మాత్రం ఊరి పనులు ఆగకుండా నడుస్తున్నాయంటే అది వీళ్ల వల్లే. ఈ మార్గదర్శి వాళ్ల కోసమే.

మన వైపు ఈ పని మామూలుకన్నా కాస్త కష్టం. ఒకే వసారాలో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, కొండ దిగి వచ్చిన సవరలు కలిసి కూర్చుంటారు. ఆఫీసు కాగితాలు చాలావరకు ఒడియాలో ఉంటాయి. చుట్టాలు ఆంధ్రవైపు పాతపట్నంలోనో టెక్కలిలోనో ఉంటారు, ఇంటి మగవాళ్లు సూరత్‌లోనో విశాఖలోనో పనిచేస్తుంటారు. పైగా మీరు ఎవరికీ జీతం ఇవ్వడం లేదు, మీ మాట వినాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. అయినా వింటున్నారంటే మీరు చెప్పింది చేస్తారన్న నమ్మకంతోనే. ఆ నమ్మకం వారం వారం చేసే చిన్న చిన్న పనులతో పోగవుతుంది. ఆ పనులేమిటో వరసగా చెబుతాను.

అడుగు 1: మాటల పుస్తకం పెట్టండి

మామూలు నోటుబుక్కు ఒకటి చాలు. ఎవరికి ఏం చేస్తానని చెప్పారో ఆ రాత్రే అందులో రాయండి. ఎవరికి, ఏమని చెప్పాను, ఎప్పటికి, ఏమైంది అని నాలుగు గళ్లు గీసుకోండి. పేజీ ఇలా ఉంటుంది:

మూలింటి పిన్ని – పింఛను ఎందుకు ఆగిందో బ్లాకు ఆఫీసులో అడగాలి – బుధవారం – అడిగాను, ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తేడా ఉందట, పిన్నికి చెప్పేశాను.

హెడ్మాస్టరు గారు – బోరు పాడైందని పంచాయతీకి అర్జీ – శనివారం – రాశాను, ఇంకా ఇవ్వలేదు, సోమవారం ఇస్తానని ఫోన్ చేశాను.

రెండో పేరు చూడండి. పని అవ్వలేదు. అయినా అవ్వలేదన్న కబురు గడువులోగా వెళ్లింది. పని ఆలస్యమైతే జనం ఓర్చుకుంటారు. కబురు లేకపోతే ఓర్చుకోరు, మళ్లీ అడగడానికి మొహమాటపడి లోపల్లోపలే మీ మీద ఆశ వదులుకుంటారు. కాబట్టి నాలుగో గడి ఖాళీగా ఉండకూడదు.

ఈ పుస్తకంతో ఇంకో మేలుంది. నెల తిరిగేసరికి మీరు మోయగలిగినదానికన్నా ఎక్కువ మాటలు ఇస్తున్నారేమో కళ్లకు కడుతుంది. అలా అయితే తగ్గించండి. ‘ఇది నా వల్ల కాదు, ఫలానావారిని అడుగు’ అని ఆ రోజే చెప్పడం ఎదుటివాళ్లకు చేసే మేలే, వాళ్లు ఇంకో దారి వెతుక్కుంటారు. ‘చూద్దాంలే’ అని పంపిస్తే మీ గుమ్మం చుట్టూనే తిరుగుతారు.

మిగిలిన అడుగుల్లో దేనికీ తీరిక లేకపోయినా ఈ ఒక్కటీ వదలకండి.

అడుగు 2: ముందు వినడం, తరవాతే చెప్పడం

ఈ విషయంలో మన పర్లాకిమిడిలోనే గొప్ప ఉదాహరణ ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు అక్కడ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవరలకు చదువు చెప్పాలనుకున్నారు. మన భాషలో పాఠం మొదలుపెట్టి వాళ్లకు రావడం లేదని విసుక్కోలేదు. సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ముందు తానే ఆ భాష నేర్చుకున్నారు. తరవాత సవర భాషలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారుగానీ, ఆయన పని ఈ కొండల్లోనే పుట్టింది.

మనం నిఘంటువులు రాయనక్కరలేదు. మీటింగులో మూడు అలవాట్లు చేసుకుంటే చాలు.

మొదటిది, ‘అర్థమైందా?’ అని అడగడం మానేయండి. ఆ ప్రశ్నకు ఏ భాషవాళ్లయినా తల ఊపేస్తారు. ‘మరి రేపు పొద్దున్న మీరు మొదట ఏం చేస్తారు?’ అని అడగండి. ఒడియా అప్పటికప్పుడు కూడబలుక్కుని మాట్లాడినా సరే, వాళ్ల నోటితో వాళ్లు చెప్పాలి. విషయం ఎక్కడ అందలేదో అప్పుడు తెలుస్తుంది.

రెండోది, ఒక భాషలో మాట ఇంకో భాషలో చెప్పే మనిషిని గది మధ్యలో కూర్చోబెట్టండి. రెండు మూడు వాక్యాలకొకసారి ఆగి, చెప్పనివ్వండి. మీటింగంతా తెలుగులో నడిపించి చివర్లో ‘సవరవాళ్లకు చెప్పేయ్’ అంటే, వాళ్లకు అందేది నిర్ణయం ఒక్కటే, చర్చలో వాళ్లకు చోటు దొరకనట్టే. ఈ పని చదువుకుంటున్న పిల్లల చేత చేయించడం మామూలైపోయింది. బడి విషయాలకైతే పరవాలేదు. అప్పులు, ఇంటి గొడవల దగ్గర మాత్రం వద్దు. పిల్లలు భయపడి సగం మింగేస్తారు, పెద్దవాళ్లు కూడా పిల్లల ముందు అసలు సంగతి బయటపెట్టరు.

మూడోది, ఎవరైనా చెప్పడం ఆపాక వెంటనే అందుకోకండి. కాసేపు ఊరుకోండి. అసలు విషయం చాలాసార్లు ఆ తరవాతే వస్తుంది. మాటకారులకు ఇది అన్నిటికన్నా కష్టమైన సాధన. నాయకులుగా ముందుకొచ్చేవాళ్లలో మాటకారులే ఎక్కువ కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

అడుగు 3: మీటింగు నడపడం

సంఘాల్లో ఉన్న ఆడవాళ్లకు పంచసూత్రాలు కంఠతా వచ్చు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపల్లోపల అప్పులు ఇచ్చుకోవడం, సకాలంలో తిరిగి కట్టడం, ఎప్పటికప్పుడు పుస్తకాలు రాయడం. ఒడిశాలో 2001లో మహిళా సంఘాల కోసం ప్రభుత్వ కార్యక్రమం మిషన్ శక్తి మొదలైనప్పటి నుంచి ఈ క్రమశిక్షణ ఊళ్లోకి వచ్చింది. చాలా ఊళ్లలో మగవాళ్ల కమిటీలకన్నా ఈ సంఘాలే పద్ధతిగా నడుస్తాయి. గుడి కమిటీవాళ్లు, యువజన సంఘంవాళ్లు సిగ్గుపడకుండా వీళ్ల దగ్గర నేర్చుకోవచ్చు.

మీటింగుకు ముందు చేయాల్సిన పని ఎక్కువ. ఆ రోజు తేల్చాల్సినవి మూడుకు మించకుండా చూసుకోండి. అందులో ఎవరికైనా నష్టమో అవమానమో కలిగే విషయం ఉంటే, ఆ మనిషిని ముందుగా ఇంటికి వెళ్లి కలవండి. నలుగురిలో మొదటిసారి విన్న మనిషి తన మర్యాద కాపాడుకోవడానికైనా ఎదురు తిరుగుతాడు. ఆ ముక్కే ముందురోజు వసారాలో విని ఉంటే ఆలోచించుకుని వస్తాడు. టైము కూడా చూసుకోండి. వరి కోతల్లో పొద్దున్న మీటింగు పెట్టి ఎవరూ రాలేదని నిందించడం న్యాయం కాదు.

కూర్చోవడం గుండ్రంగా ఉండాలి. ఒకరు కుర్చీలో, మిగతావాళ్లు చాప మీద అయితే మాటలు కుర్చీవైపే వెళతాయి. అందరికీ చాపలే వేయండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మాత్రం స్టూలు ఇవ్వండి.

ఇక ఎవరు ముందు మాట్లాడాలన్నది. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఒకే సంఘంలో అత్తా కోడళ్లు, తోడికోడళ్లు, పెద్దింటివాళ్లు, వాళ్ల పొలంలో కూలికి వెళ్లేవాళ్లు ఉంటారు. అత్తగారు ‘నాకైతే ఇష్టమే’ అన్నాక కోడలు వద్దనదు. రైతు భార్య చెప్పాక కూలి మనిషి నోరు విప్పదు. అందుకని చిన్నవాళ్లతో, కొత్తవాళ్లతో మొదలుపెట్టండి. పెద్దవాళ్లకు ‘మీరు అందరిదీ విని చివర్లో చెప్పండి అత్తయ్యా’ అంటే అది మర్యాదే అవుతుంది, ఎవరూ నొచ్చుకోరు. మీ అభిప్రాయం అందరికన్నా చివర చెప్పండి. నడిపే మనిషి మనసు ముందే తెలిసిపోతే మిగతావాళ్లు దానికే వంత పాడతారు.

నిర్ణయం అయ్యాక తీర్మానం పుస్తకంలో ‘చర్చించి ఆమోదించడమైనది’ అని రాసి సంతకాలు పెట్టించడం మన కమిటీల అలవాటు. ఆ వాక్యంతో ఏ పనీ కదలదు. ఏ పని, ఎవరు, ఏ తేదీకి అని పేరుతో సహా రాయండి. ‘కమిటీ చూసుకుంటుంది’ అని రాస్తే ఎవరూ చూసుకోరు. రాసింది రెండు భాషల్లోనూ పైకి చదివాకే సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. తరవాతి మీటింగు ఆ పేజీ చదవడంతోనే మొదలవ్వాలి. చేసినవాళ్ల పేరు చెప్పి మెచ్చుకోండి. చేయలేకపోయినవాళ్లను ఏం అడ్డొచ్చిందో అడిగి, కొత్త తేదీ రాసి ముందుకు వెళ్లండి.

అడుగు 4: డబ్బు అందరి కళ్ల ముందు ఉండాలి

ఇక్కడ పెద్దగా వివరించేదేమీ లేదు, పాటించడమే. డబ్బు ఇద్దరు లెక్కపెట్టాలి. బ్యాంకు నుంచి తీసేటప్పుడు కనీసం ఇద్దరు పదాధికారుల సంతకాలు ఉండాలి. ప్రతి మీటింగులో పాస్‌బుక్ నిల్వ పైకి చదవాలి. సంఘం పని మీద ఆటోకు ఇరవై రూపాయలు ఇచ్చినా చెప్పాలి, రాయాలి. మీ సొంత డబ్బు వాడి తరవాత సర్దుకుందాంలే అనుకోకండి. అది మంచి మనసుతో మొదలైనా లెక్క కలిసిపోయి చివరకు మీ మీదే అనుమానంగా తేలుతుంది. ‘మా అక్క మీద మాకు నమ్మకం, లెక్కలెందుకు’ అని ఎవరైనా అంటే సంతోషించండి, ఆ లెక్క మాత్రం తప్పకుండా చదవండి.

అడుగు 5: కష్టమైన మాట చెప్పడం

బరంపురంలో 1894లో పుట్టిన వి.వి. గిరి గారు రాష్ట్రపతి కావడానికి చాలా ముందు రైల్వే కార్మికుల నాయకుడు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక ఆయన పట్టుబట్టిన విషయం ఒకటుంది: యాజమాన్యం, కార్మికులు ముందు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలి, మూడోవాళ్ల తీర్పు మీద ఆధారపడకూడదు. దానికి గిరి విధానమనే పేరు కూడా వచ్చింది. 1954లో బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు ఆయన ఒప్పుకోక పదవి వదులుకున్నారు. ఎదురుగా కూర్చుని మాట్లాడటం, ఒప్పుకున్నదానికి కట్టుబడటం రెండూ ఒకే మనిషిలో ఉండాలి. మన వీధి గొడవలకూ ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు.

ఒక సందర్భం తీసుకుందాం. సంఘంలో ఒకామె రెండు వాయిదాలు కట్టలేదు. మీటింగులో అందరి ముందూ అడిగితే ఆమె తరవాతి వారం నుంచి రాదు. వంటలయ్యాక, ఇల్లు కాస్త సద్దుమణిగే వేళ ఒక్కరే వెళ్లండి. మాటలు ఇంచుమించు ఇలా నడవాలి (‘అప్ప’ అంటే మన వైపు అక్క):

“అప్పా, రెండు వాయిదాలు ఆగాయి. ఏమైంది?”

“ఏం చెప్పమంటావమ్మా. మీ బావ సూరత్ నుంచి డబ్బులు పంపలేదు. మిల్లులో పని తగ్గిపోయిందంట.”

“ఎప్పటి నుంచి?”

“దసరా నుంచి.”

“మరి ఇల్లెలా గడుస్తోంది?”

“మా తమ్ముడు బియ్యం పంపాడు. నేను జీడిపిక్కల మిల్లుకి వెళ్తన్నాను.”

“బాకీ అంతా ఒక్కసారి కట్టమనను అప్పా. నెలకి ఎంతయితే కట్టగలవో నువ్వే చెప్పు.”

“రెండొందలు కడతాను.”

“సరే. ఈ మాట సంఘంలో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“నువ్వే చెప్పు. నేను పక్కన కూచుంటాను.”

వరస గమనించండి. ముందు ఉన్న విషయం ఒక్క వాక్యంలో వచ్చింది. ‘నువ్వెప్పుడూ ఇంతే’ లాంటి తీర్పు లేదు. తరవాత ప్రశ్న, దానికి జవాబు పూర్తిగా వినడం. ఇల్లెలా గడుస్తోందని అడిగాకే బాకీ సంగతి. కట్టే మొత్తం ఆమే చెప్పింది. బయటినుంచి రుద్దిన అంకెను ఎగ్గొట్టడం తేలికగానీ, తన నోటితో అన్నదాన్ని నిలబెట్టుకోవాలని మనిషికి ఉంటుంది. ఆఖరున, ఈ సంగతి నలుగురికీ ఎవరు చెప్పాలన్నది కూడా ఆమె చేతిలోనే పెట్టారు. ఇది దాచిపెట్టే వ్యవహారం కాదు. మిగతా సభ్యుల డబ్బు కూడా అందులో ఉంది కాబట్టి సంఘానికి చెప్పి, వాళ్లు ఒప్పుకున్నాకే కొత్త వాయిదా పుస్తకంలోకి ఎక్కాలి.

ఇద్దరి మధ్య గొడవ అయితే ఇద్దరినీ విడివిడిగా వినండి. ఒకరి ఇంట్లో టీ తాగి రెండోవారి ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకుండా రాకండి, ఊరు అదీ చూస్తుంది. తరవాత ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఎదుటివాళ్ల ఇబ్బంది ఏమిటో ముందు వాళ్ల చేతే చెప్పించండి. మందు తాగి ఉన్న మనిషితో ఆ రాత్రి ఏమీ తేల్చకండి. ఆడవాళ్లను కొట్టడం, పిల్లల మీద దాష్టీకం లాంటివి రాజీ చేసే గొడవలు కావు. వాటిని పోలీసుల దాకా తీసుకెళ్లడం మీ బాధ్యత.

అడుగు 6: పని పంచడం

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఇటు పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో కుండపోత వానకు కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ రాత్రులు తెలిసిన ఊళ్లో పని పంచుకోవడం గురించి ఎవరికీ పాఠం చెప్పనక్కరలేదు. కరెంటు లేక, ఫోను పలకక ఉన్నప్పుడు అన్నీ ఒక్క మనిషే చూసుకోవాలంటే కుదరదు. నడవలేని ముసలివాళ్ల ఇళ్లకు ఎవరు వెళ్లాలి, గర్భిణులు ఏయే ఇళ్లలో ఉన్నారు, బడి తాళం ఎవరి దగ్గరుంది, పెద్ద వంటపాత్రలు ఎవరిస్తారు అన్నది వానాకాలం ముందే పేర్లతో రాసి గోడకు అంటించాలి. ప్రతి పనికీ ఇంకో పేరు కూడా ఉండాలి, మొదటి మనిషి పెళ్లికి ఊరెళ్లి ఉండొచ్చు.

మామూలు రోజుల్లో పని నేర్పడానికి ఒక వరస ఉంది. ముందు మీరు చేస్తుంటే వాళ్లు చూస్తారు. తరవాత ఇద్దరూ కలిసి చేస్తారు. ఆ పైన వాళ్లు చేస్తుంటే మీరు పక్కన ఉంటారు. ఆఖరికి వాళ్లే చేసి మీకు చెబుతారు. మనవాళ్లు చాలామంది మూడో మెట్టు దగ్గర ఆగిపోతారు, పక్కన కూర్చుని చేతిలో కలం లాక్కుంటారు. నేర్చుకునేవాళ్లు లెక్క తప్పు రాస్తే తరవాత దిద్దవచ్చు, వాళ్ల చేతిలో కలం మాత్రం లాక్కోకండి.

అడుగు 7: ఆఫీసు పనికి వెళ్లేటప్పుడు

అర్జీ ఒడియాలో ఉంటే త్వరగా కదులుతుంది. రాయడం రాకపోతే చదువుకునే పిల్లల చేత రాయించి, సంతకం పెట్టే ముందు తెలుగులో చెప్పించుకుని వినండి. ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలి. రెండు కాపీలు తీసుకెళ్లి, మీ కాపీ మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే మీరు వెళ్లినట్టు రుజువే లేదు.

పథకాల లబ్ధిదారుల జాబితా గురించి అడగాలంటే పల్లిసభకు, అంటే ఊరి ఓటర్లంతా కూర్చునే సభకు వెళ్లండి. చాలామంది అక్కడికి వెళ్లకుండా తరవాత సర్పంచి ఇంటి ముందు గొడవపడతారు. కింద పని కాకపోతే జిల్లాలో కలెక్టరు, ఎస్పీ కలిసి జరిపే ఫిర్యాదుల విచారణ ఉంది, ఆన్‌లైన్‌లో జన సుణాణి అనే ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు ఉంది. కాగితం ఎక్కడ ఆగిందో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి.

ఎప్పుడూ ఒక్కరే వెళ్లకండి. ప్రతిసారీ ఇదివరకు ఆఫీసు గడప తొక్కని మనిషిని ఒకరిని వెంటబెట్టుకెళ్లండి. మొదటిసారి తలుపు దగ్గరే నిలబడిపోయిన మనిషి, రెండు మూడుసార్లు వచ్చాక తనే బ్లాకు అధికారి బీడీవోతో మాట్లాడతానంటుంది.

అడుగు 8: మీ సంగతి మీరు చూసుకోండి

ఈ పనిలో పడ్డవాళ్లకు ఇల్లు వెనకబడుతుంది, నిద్ర తగ్గుతుంది, టెన్షన్ పెరుగుతుంది. రాత్రి ఫలానా టైము తరవాత ప్రాణం మీదకు వచ్చిన విషయమైతేనే ఫోన్ ఎత్తుతానని అందరికీ చెప్పేయండి. వారంలో ఒక పూట పూర్తిగా ఇంటివాళ్లకు ఉంచండి. కోపం వచ్చిన రోజు వాట్సాప్ గ్రూపులో ఏమీ రాయకండి. ఆ మాట నోటుబుక్కులో రాసుకుని, పొద్దున్న చదివి, అప్పటికీ చెప్పాలనిపిస్తే నేరుగా వెళ్లి చెప్పండి.

మీ ముఖం మీద నిజం చెప్పే మనుషులు ఇద్దరైనా ఉండాలి, అందులో ఒకరు మీ కులమో బంధుత్వమో కానివారై ఉండాలి. మూడు నెలలకోసారి వాళ్లను ‘నేను ఏం ఆపేయాలి?’ అని అడగండి. బాగా చేస్తున్నానా అని అడిగితే బాగానే ఉందంటారు. జవాబు విన్నాక వెంటనే సమర్థించుకోకండి, రాసుకుని ఇంటికి రండి.

అడుగు 9: అప్పగించడం

ఏ పదవి అయినా రెండేళ్లకో మూడేళ్లకో చేతులు మారాలని మొదటి మీటింగులోనే తీర్మానం రాయించండి. గడువు దగ్గరపడ్డాక రాయాలంటే అది మనిషి మీద గురిపెట్టినట్టు ఉంటుంది. కనీసం ఆరు నెలల ముందు నుంచి తరవాతివాళ్లను మీతోపాటు బ్యాంకుకూ బ్లాకుకూ తిప్పండి.

అప్పగించే రోజు వస్తువులన్నీ చాప మీద పెట్టి అందరి ముందూ ఒక్కొక్కటీ పేరు చెప్పి ఇవ్వాలి: పాస్‌బుక్కు, చెక్కుబుక్కు, తీర్మానాల పుస్తకం, అప్పుల లెక్క, ముద్ర, బీరువా తాళాలు రెండూ, ముద్ర వేయించిన అర్జీల ఫైలు, ఏ ఆఫీసులో ఎవరిని కలవాలో రాసిన కాగితం. మీ మాటల పుస్తకంలో ఇంకా నెరవేరని మాటలుంటే వాటిని వేరే కాగితం మీద రాసి ఇవ్వండి, ఆ మనుషులకు కూడా ‘ఇకనుంచి ఈమె చూస్తుంది’ అని స్వయంగా వెళ్లి చెప్పండి. బ్యాంకులో సంతకాల మార్పు కాగితం ఆ వారంలోనే ఇచ్చేయండి. పాత సంతకాలు అలాగే ఉండిపోతే, డబ్బు అవసరం పడ్డ రోజు కొత్తవాళ్లు మళ్లీ మీ గుమ్మంలోకే రావాల్సి వస్తుంది.